ఓర్‌గ్రీతెని ఫుట్‌బాల్ క్లబ్ అనేస్తే సగం చరిత్ర పోయినట్టే

వేగవతి
పక్క చర్చలో యూరప్ పాత ఫుట్‌బాల్ క్లబ్బుల జాబితా వేసినప్పుడు స్వీడన్‌కి చెందిన ఓర్‌గ్రీతె గురించి ఒక్క ముక్కలో తేల్చేశారు: "1887, గోథెన్‌బర్గ్, ఫుట్‌బాల్." అందుకే విడిగా ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

1887 డిసెంబర్ 4న ఆ క్లబ్ పెట్టినప్పుడు ఫుట్‌బాల్ ఊసే లేదు. పరుగులు, దూకడాలు, విసరడాలు, వీటికోసం కలిసిన కుర్రాళ్ళు వాళ్ళు. ఫుట్‌బాల్ తర్వాత వచ్చి చేరింది. వచ్చాక మాత్రం ఇల్లంతా తనదే అన్నట్టు కూర్చుంది. ఇప్పుడు ఆ పేరు చెబితే ఎర్ర చొక్కా, నీలం నిక్కరు వేసుకున్న పదకొండు మందే గుర్తొస్తారు. కానీ ఆ క్లబ్ సభ్యుల్లో ఒలింపిక్ స్వర్ణం తెచ్చినవాళ్ళలో నాకు బాగా తెలిసిన ఇద్దరూ బంతి ఆటగాళ్ళు కారు. ఒకరు జావెలిన్ విసిరారు, ఇంకొకరు ట్రిపుల్ జంప్ చేశారు. ఇద్దరికీ మధ్య దాదాపు వందేళ్ళ దూరం.

ఎరిక్ లెమ్మింగ్, క్రిస్టియన్ ఓల్సన్. ఈ ఇద్దరినీ పక్కనబెట్టి ఓర్‌గ్రీతె చరిత్ర రాస్తే అది చరిత్ర కాదు, పాయింట్ల పట్టిక. మీరేమంటారు?

పాత స్కోర్‌బుక్
వేగవతి గారూ, మీ అభిమానం అర్థమైంది కానీ ఫుట్‌బాల్‌ని మరీ అంత చిన్నచూపు చూడకండి. స్వీడన్‌లో క్లబ్బుల మధ్య ఫుట్‌బాల్ మొదలైందే ఈ క్లబ్ వల్ల. 1892 మే 22న గోథెన్‌బర్గ్‌లోని హెడెన్ మైదానంలో ఓర్‌గ్రీతె, లిక్కన్స్ సొల్దాతెర్ అనే ఇంకో స్థానిక జట్టుతో ఆడి 1-0తో గెలిచింది. దాన్నే స్వీడన్‌లో మొదటి క్లబ్ మ్యాచ్‌గా లెక్కేస్తారు. ఆ జట్టులో స్కాట్లండ్ వాళ్ళున్నారు. ఊళ్ళో లేసు కర్టెన్లు నేసే ఫ్యాక్టరీకి పనిమీద వచ్చినవాళ్ళు. ఆటలో మెళకువలు ఊరి కుర్రాళ్ళకి వాళ్ళ దగ్గర్నుంచే వచ్చాయి.

1896లో మొదటిసారి స్వీడిష్ ఛాంపియన్‌షిప్ పెట్టారు. గెలిచింది ఓర్‌గ్రీతె. 97, 98, 99 కూడా వాళ్ళే. దేశంలో ఆట నేర్చినవాళ్ళే తక్కువ, కాబట్టి అది పెద్ద గొప్ప కాదనొచ్చు. కానీ నేర్పినవాళ్ళు ఎవరు? అదే క్లబ్బు. విల్హెల్మ్ ఫ్రీబెరి అనే ఆయన ఏళ్ళ తరబడి క్లబ్‌ని నడిపించాడు. ఆయన్ని స్వీడిష్ ఫుట్‌బాల్‌కి తండ్రి అని ఇప్పటికీ అంటారు.

గోథెన్‌బర్గ్ వాసి
నేను ఆ ఊళ్ళోనే ఉంటున్నాను. ఉద్యోగం కార్ల కంపెనీలో, మన తెలుగువాళ్ళు ఇక్కడ బాగానే ఉన్నారు. అప్పట్లో క్లబ్ ఆడిన బాల్దర్స్ హాగె మైదానం ఇప్పుడు లిసెబెరి వినోద పార్కు ఉన్న వైపే ఉండేది. ట్రామ్ దిగి పిల్లల్ని జెయింట్ వీల్ ఎక్కించడానికి నడిచే దారి అది. పక్కన ఒకప్పుడు దేశంలోనే పేరుమోసిన ఆట స్థలం ఉండేదని చెబితే మనవాళ్ళు నమ్మరు.

ఊళ్ళో మూడు పాత క్లబ్బులు: ఓర్‌గ్రీతె 1887, గైస్ 1894, ఐఎఫ్‌కె గోథెన్‌బర్గ్ 1904. మూడింటికీ ఇప్పుడు గామ్లా ఉల్లేవియే సొంత మైదానం. ఓర్‌గ్రీతెది కాస్త ఉన్నవాళ్ళ క్లబ్ అన్న పేరు, గైస్‌ది కార్మికుల క్లబ్ అన్న పేరు. ఆ ముద్రలు ఇప్పుడు అంత నిజం కాదు గానీ ఆఫీసులో లంచ్ దగ్గర వాదన వస్తే ముందు బయటికొచ్చేది అవే.

లత_కోచ్
నేను అథ్లెటిక్స్ మనిషిని కాబట్టి లెమ్మింగ్ గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎవరూ విసుక్కోకండి.

పుట్టింది 1880లో, గోథెన్‌బర్గ్‌లోనే. 1899లో, అంటే పందొమ్మిదేళ్ళకి, అదే ఊళ్ళో జావెలిన్‌ని 49.32 మీటర్లు విసిరాడు. అప్పటికి ప్రపంచంలో అదే అత్యుత్తమం. మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు. అక్కడ జావెలిన్ పోటీయే లేదు! మరి ఏం చేశాడు? హైజంప్, పోల్‌వాల్ట్, హ్యామర్ త్రో, డిస్కస్, లాంగ్ జంప్, ట్రిపుల్ జంప్, దొరికినవన్నీ ఆడాడు. హైజంప్‌లో నాలుగో స్థానం, హ్యామర్‌లోనూ నాలుగో స్థానం. హ్యామర్ విసిరే ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి హైజంప్‌లో నాలుగోవాడిగా రావడం ఈ రోజుల్లో ఊహకందదు.

1906లో ఏథెన్స్‌లో జరిగిన క్రీడల్లో చివరికి జావెలిన్ పెట్టారు. స్వర్ణం లెమ్మింగ్‌ది. అదే పోటీల్లో షాట్‌పుట్‌లో, పెంటథ్లాన్‌లో, తాడులాగుడులో మూడు కాంస్యాలు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఆ 1906 క్రీడల్ని అధికారిక లెక్కలో వేసుకోదు, కాబట్టి ఆ స్వర్ణం కాగితం మీద లేదు. 1908 లండన్‌లో రెండు స్వర్ణాలు: మామూలు జావెలిన్ ఒకటి, ఎక్కడైనా పట్టుకుని ఎలాగైనా విసరొచ్చు అనే ఫ్రీస్టైల్ ఒకటి. 1912లో సొంత దేశంలో, స్టాక్‌హోమ్‌లో, 60.64 మీటర్లతో మళ్ళీ స్వర్ణం. ఒలింపిక్స్‌లో 60 దాటిన మొదటి మనిషి ఆయనే. ఆ ఏడు సెప్టెంబర్‌లో విసిరిన 62.32 మీటర్లనే అంతర్జాతీయ సమాఖ్య మొదటి అధికారిక ప్రపంచ రికార్డుగా గుర్తించింది.

పదమూడేళ్ళలో 13 మీటర్లు పెంచాడు. జావెలిన్ ఎలా విసరాలో చెప్పే పుస్తకం లేదు, వీడియో లేదు, వెనక కోచ్‌ల బృందం లేదు. విసురుతూ తనే నేర్చుకున్నాడు.

శ్రీకాకుళం చిన్నోడు
లత అక్కా, నీరజ్ చోప్రా టోక్యోలో 87.58 విసిరాడు కదా. 62 మీటర్లంటే మన జిల్లా స్థాయి కుర్రాళ్ళు కూడా విసిరేస్తారేమో. మరి అంత గొప్ప ఎలా అవుతుంది?

లత_కోచ్
తమ్ముడూ, మంచి ప్రశ్న. ముందు ఆ ఈటెను చూడు. లెమ్మింగ్‌ది కర్ర ఈటె. గాల్లో అది ఎలా ఊగుతుందో విసిరే చేతికే తెలియాలి. తర్వాత లోహపు ఈటెలు వచ్చి దూరాలు విపరీతంగా పెరిగాయి. 1984లో తూర్పు జర్మనీకి చెందిన ఉవె హోన్ 104.80 మీటర్లు విసిరాడు. ఇలాగైతే స్టేడియం చాలదని భయపడి 1986 నుంచి పురుషుల ఈటెలో బరువు కేంద్రాన్ని ముందుకి జరిపారు, ముక్కు త్వరగా నేలని తాకేలా. నీరజ్ విసిరేది ఆ కొత్త రకం. అంటే ఈ మూడూ మూడు వేర్వేరు వస్తువులు, దూరాలు పక్కపక్కన పెట్టి పోల్చలేం.

ఇంకొకటి. పరుగు కూడా వేరు. ఇప్పుడు సింథటిక్ ట్రాక్, స్పైకులు కరుచుకుంటాయి. చివరి రెండు అడుగుల్లో ఎడమ కాలు కట్టెలా బిగించి బ్రేక్ వేస్తే ఒంట్లో ఉన్న వేగమంతా భుజంలోకి వెళ్తుంది. అప్పట్లో గడ్డి, మట్టి. కాస్త తడిగా ఉంటే ఆ బ్రేక్ వేసే కాలే జారిపోతుంది. నేను మట్టి రన్‌వే మీద పిల్లలకి నేర్పిన దాన్ని, ఆ తేడా కళ్ళారా చూశాను. అందుకే 60.64 చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

పాత స్కోర్‌బుక్
లెమ్మింగ్ విషయంలో నాకు మారుమాట లేదు. కానీ ఓర్‌గ్రీతె ఫుట్‌బాల్ ఆటగాడు స్వెన్ రీడెల్ ఎక్కడున్నాడు ఈ చర్చలో?

1923 నుంచి 1932 దాకా స్వీడన్ తరఫున 43 మ్యాచ్‌లు, 49 గోల్స్. సగటున మ్యాచ్‌కి ఒకటి కంటే ఎక్కువ. 1924 పారిస్ ఒలింపిక్స్ కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నాడు. 1931లో స్వెన్‌స్కా దాగ్‌బ్లాదెట్ పత్రిక ఏటా ఇచ్చే బంగారు పతకం ఆయనకి వచ్చింది. స్వీడన్‌లో క్రీడాకారుడికి అంతకంటే పెద్ద గౌరవం లేదంటారు. ఆ గోల్స్ రికార్డు 2014 సెప్టెంబర్ దాకా నిలిచింది. చివరికి బద్దలుకొట్టింది జ్లాతాన్ ఇబ్రహిమోవిచ్, ఎస్తోనియా మీద. 50 గోల్స్‌కి జ్లాతాన్‌కి పట్టింది 99 మ్యాచ్‌లు. నేను జ్లాతాన్ అభిమానినే, అయినా ఈ లెక్క చూసినప్పుడల్లా రీడెల్‌కి దండం పెట్టాలనిపిస్తుంది.

రీడెల్ ఉన్న రోజుల్లో ఓర్‌గ్రీతె 1926లో, 1928లో జాతీయ లీగ్ గెలిచింది. అయితే లీగ్ గెలిచిన జట్టుకి స్వీడిష్ ఛాంపియన్ అన్న బిరుదు అప్పట్లో ఇచ్చేవారు కాదు, అది 1931 నుంచే మొదలైంది. గెలిచి కూడా బిరుదు లేకపోవడం అన్యాయం.

వేగవతి
రీడెల్‌ని తక్కువ చేయను. కానీ చూడండి, రీడెల్ రికార్డు గురించి 2014లో ప్రపంచమంతా రాసింది, ఎందుకంటే జ్లాతాన్ దాన్ని దాటాడు. లెమ్మింగ్ మొదటి అధికారిక రికార్డు గురించి ఎవరూ రాయరు. ఫుట్‌బాల్‌కి గుర్తుచేసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, మిగతా ఆటలకి ఉండరు. నా బాధంతా అదే.

మైదానం
1958 మాట ఇంకా ఎవరూ ఎత్తలేదేంటి!

ఓర్‌గ్రీతె 1940లో పై లీగ్ నుంచి కిందికి పడిపోయింది. మళ్ళీ ఎక్కడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. ఇంకా రెండో అంచెలో ఆడుతున్న రోజుల్లోనే, 1958లో, స్వీడన్‌లో ప్రపంచ కప్ జరిగింది. ఆ జట్టులో ఈ రెండో అంచె క్లబ్ నుంచి ఇద్దరు: గున్నార్ గ్రేన్, ఆగ్నె సీమోన్‌సన్. గ్రేన్ అంతకుముందు మిలాన్ క్లబ్‌లో తోటి స్వీడన్ ఆటగాళ్ళు నోర్దాల్, లీడ్‌హోల్మ్‌లతో కలిసి ఇటలీని ఊపేసినవాడు. తిరిగొచ్చి ఓర్‌గ్రీతెలో చేరాడు. ప్రపంచ కప్ నాటికి వయసు 37.

సెమీఫైనల్ గోథెన్‌బర్గ్‌లోనే, కొత్తగా కట్టిన ఉల్లేవి స్టేడియంలో (గామ్లా ఉల్లేవి వేరు), పశ్చిమ జర్మనీతో. స్కోరు 1-1. ఆట పదిహేను నిమిషాల్లోపు మిగిలి ఉండగా 81వ నిమిషంలో గ్రేన్ గోల్ కొట్టాడు. సొంత ఊరు, సొంత జనం, ముప్ఫై ఏడేళ్ళ కాళ్ళు! తర్వాత హమ్రిన్ ఇంకొకటి కొట్టాడు, 3-1. ఫైనల్‌లో బ్రెజిల్ చేతిలో 5-2తో ఓడారు గానీ ఆ రెండో గోల్ సీమోన్‌సన్‌ది. పదిహేడేళ్ళ పేలే ఉన్న ఆ ఫైనల్‌లో గోల్ కొట్టినవాడు మామూలుగా ఆడేది రెండో డివిజన్‌లో!

మరుసటి ఏడు ఓర్‌గ్రీతె పై లీగ్‌కి వచ్చింది. ఊరు ఊరంతా ఉల్లేవికి కదిలింది. 1959 జూన్ 3న ఐఎఫ్‌కె గోథెన్‌బర్గ్‌తో మ్యాచ్‌కి 52,194 మంది వచ్చారు. స్వీడిష్ లీగ్‌లో ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అదే అక్టోబర్‌లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ని స్వీడన్ 3-2తో ఓడించింది, సీమోన్‌సన్ రెండు గోల్స్. ఆ తర్వాత రియల్ మాడ్రిడ్ తీసుకెళ్ళింది. అక్కడ దీ స్తెఫానో, పుష్కాష్ ఉండగా ఎవరికి చోటు దొరుకుతుంది చెప్పండి. 1963లో మళ్ళీ ఓర్‌గ్రీతెకే వచ్చేశాడు.

శ్రీకాకుళం చిన్నోడు
52 వేలా! అప్పుడు ఆ ఊరి జనాభా ఎంత ఉంటుంది అన్నా?

గోథెన్‌బర్గ్ వాసి
నాలుగు లక్షల చిల్లర ఉండొచ్చు. అంటే ఎనిమిది మందిలో ఒకరు స్టేడియంలోనే ఉన్నట్టు. ఇప్పటి గామ్లా ఉల్లేవిలో 19 వేల మంది కూడా పట్టరు.

1985 కూడా చెప్పాలి. అప్పట్లో ఛాంపియన్‌ని ప్లేఆఫ్‌లతో తేల్చేవారు. ఫైనల్‌లో ఓర్‌గ్రీతె, ఎదురుగా ఐఎఫ్‌కె. 1982లో యూఎఫా కప్ గెలిచిన జట్టు అది. మొదటి మ్యాచ్ 4-2, రెండోది 2-3, మొత్తం 6-5తో ఓర్‌గ్రీతె ఛాంపియన్. మా ఆఫీసులో రిటైర్‌మెంట్‌కి దగ్గరపడ్డ ఒక పెద్దాయన ఉన్నారు, ఐఎఫ్‌కె మనిషి. ఆ 6-5 మాటెత్తితే ఇప్పటికీ కాఫీ కప్పు పట్టుకుని అవతలి టేబుల్‌కి వెళ్ళిపోతారు.

లత_కోచ్
సరే, ఇక ఓల్సన్.

1995లో ప్రపంచ అథ్లెటిక్స్ ఉల్లేవిలోనే జరిగాయి. ఆగస్టు 7న ట్రిపుల్ జంప్‌లో బ్రిటన్‌కి చెందిన జొనాథన్ ఎడ్వర్డ్స్ ముందు 18.16 మీటర్లు, వెంటనే 18.29 దూకాడు. ఆ రికార్డు ఇంకా అలాగే ఉంది. ఆ పోటీలు చూసిన పదిహేనేళ్ళ ఊరి కుర్రాడు క్రిస్టియన్ ఓల్సన్. మొదట హైజంపర్. ఓర్‌గ్రీతె కోచ్ యానిక్ ట్రెగారో దగ్గర పెరిగాడు. ఎక్కడో అమెరికా యూనివర్సిటీకి పోలేదు, ఊరి క్లబ్‌లోనే ఉన్నాడు. 2001లో ప్రపంచ పోటీల్లో అదే ఎడ్వర్డ్స్ వెనక రజతం. 2003 పారిస్‌లో 17.72తో ప్రపంచ ఛాంపియన్. 2004లో ఇండోర్‌లో 17.83, అప్పటి ప్రపంచ రికార్డుతో సమానం. ఆ ఆగస్టులో ఏథెన్స్‌లో 17.79తో ఒలింపిక్ స్వర్ణం. అదే రాత్రి హైజంప్‌లో స్టెఫాన్ హోల్మ్ కూడా స్వర్ణం కొట్టాడు. ఆయనది షిల్ అనే చిన్న ఊరి క్లబ్. ముందురోజు హెప్టథ్లాన్ గెలిచిన కరోలినా క్లూఫ్ట్‌ది వేక్‌ఖో ఊరి క్లబ్. అప్పటికి కోటి మంది కూడా లేని దేశం, రెండు రోజుల్లో మూడు స్వర్ణాలు, మూడూ ఊరి క్లబ్బుల పేర్ల మీద.

ట్రిపుల్ జంప్ శరీరాన్ని ఎలా నలిపేస్తుందో చెప్పాలి. హాప్, స్టెప్, జంప్. పూర్తి వేగంతో పరిగెత్తుకొచ్చి ఒక్క కాలితో పలక తొక్కి, అదే కాలి మీద దిగాలి. ఆ క్షణంలో మడమ మీద, చీలమండ మీద పడే బరువు మనిషి బరువుకి ఎన్నో రెట్లు. దిగిన కాలితోనే మళ్ళీ లేవాలి. ఓల్సన్ ఏథెన్స్ తర్వాత గాయాలతోనే సతమతమయ్యాడు. 2006లో యూరోపియన్ పోటీలు గోథెన్‌బర్గ్‌కే వచ్చాయి. ఉల్లేవిలో, తను పిల్లాడిగా ఎడ్వర్డ్స్‌ని చూసిన అదే స్టేడియంలో, 17.67 దూకి గెలిచాడు. నన్నడిగితే ఏథెన్స్ కంటే ఇదే గొప్ప. 2012లో రిటైరయ్యాడు.

వేగవతి
లత గారూ, ఎమ్మా గ్రీన్‌ని మర్చిపోవద్దు. అదే క్లబ్, అదే ట్రెగారో. 2005 హెల్సింకి ప్రపంచ పోటీల్లో హైజంప్ కాంస్యం, 2010 బార్సిలోనా యూరోపియన్ పోటీల్లో 2.01తో రజతం. 2013లో మాస్కో ప్రపంచ పోటీలకి గోళ్ళకి ఇంద్రధనుస్సు రంగులు వేసుకుని వెళ్ళింది, రష్యాలో స్వలింగ సంపర్కుల మీద వచ్చిన కొత్త చట్టానికి నిరసనగా. అది నియమావళికి విరుద్ధమని చెప్పాక ఫైనల్‌కి ఎర్ర రంగు వేసుకొచ్చింది. దూకేవాళ్ళ చేతుల్ని కెమెరాలు ఎంత దగ్గరగా చూపిస్తాయో తనకి తెలుసు. పతకాల లెక్కలో రాని ధైర్యం అది.

మైదానం
ఒక సందేహం. 2011లో ఓర్‌గ్రీతె దివాళా తీసిందని చదివాను. మరి ఇవన్నీ ఎలా మిగిలాయి?

గోథెన్‌బర్గ్ వాసి
దివాళా తీసింది ఫుట్‌బాల్‌ని నడిపిన కంపెనీ అన్నా. ఇక్కడి పద్ధతి అర్థమైతే విషయం తేలికవుతుంది.

స్వీడన్‌లో క్లబ్ అంటే సంఘం, మన సొసైటీల లాంటిది. చందా కట్టిన ప్రతి సభ్యుడికీ వార్షిక సమావేశంలో ఒక ఓటు. పెద్ద క్లబ్బుల్లో చాలావాటికి ఒక్కో ఆటకీ విడి సంఘం, విడి లెక్కలు ఉంటాయి, పేరూ చిహ్నమూ ఉమ్మడి. 1999 నుంచి క్లబ్బులు తమ జట్టుని కంపెనీగా నడుపుకోవచ్చు, కానీ ఓటు హక్కులో సగానికి పైగా సంఘం చేతిలోనే ఉండాలి. డబ్బున్నవాడు వచ్చి మొత్తం కొనేసుకోవడం కుదరదు.

2011లో ఫుట్‌బాల్ జట్టు రెండో అంచె నుంచి మూడో అంచెకి పడింది. జట్టుని నమ్ముకున్నవాళ్ళకి అది చావుదెబ్బే. కానీ అథ్లెటిక్స్ పిల్లలు మామూలుగానే ట్రాక్ మీదికి వచ్చారు. ఎమ్మా గ్రీన్ అదే పేరు మీద దూకుతూనే ఉంది. ఫుట్‌బాల్ తర్వాత నెమ్మదిగా లేచింది. ఒక్క ఆట మీదే బతికిన క్లబ్ అయితే ఏమయ్యేదో!

పాత స్కోర్‌బుక్
ఈ మాటకి నేను ఒప్పుకుంటున్నాను. అయినా స్టేడియాలు నింపింది, ఊరికి ఆ పేరు అలవాటు చేసింది ఫుట్‌బాలే. ఒక్కడి పేరే రాయమంటే నా ఓటు రీడెల్‌కే.

లత_కోచ్
నాది లెమ్మింగ్‌కి. ఆట నియమాలు కూడా సరిగ్గా కుదరని రోజుల్లో ఆ ఆటకి కొలబద్ద పెట్టాడు.

శ్రీకాకుళం చిన్నోడు
నాది గ్రేన్‌కి, 37 ఏళ్ళకి సెమీఫైనల్ గోల్! గోథెన్‌బర్గ్ అన్నా, మీ పిల్లలు ఏమైనా ఇలాంటి క్లబ్‌లో ఉన్నారా? మా అక్కావాళ్ళు వచ్చే ఏడు అక్కడికి వస్తున్నారు, వాళ్ళ పాపకి ఎనిమిదేళ్ళు. ఎలా చేర్పించాలి?

గోథెన్‌బర్గ్ వాసి
మా అమ్మాయి అథ్లెటిక్స్‌కి వెళ్తుంది తమ్ముడూ. ఎనిమిదేళ్ళంటే సరైన వయసే. సెలక్షన్ ఏమీ ఉండదు, క్లబ్ వెబ్‌సైట్‌లో పేరు రాయించాలి, గుంపు నిండితే కొన్నాళ్ళు ఆగాలి. మొదట్లో అన్నీ ఆడిస్తారు: పరుగు, దూకడం, బంతి విసరడం. ఈ పిల్ల స్ప్రింటర్, ఆ పిల్ల జంపర్ అని ముద్ర వేయరు. ఫుట్‌బాల్‌లో కూడా చిన్న పిల్లలకి పాయింట్ల పట్టిక వేయరు. మన అమ్మానాన్నలకి అది మింగుడుపడదు, "మరి ఎవరు ఫస్ట్?" అని అడుగుతారు.

మీ అక్కావాళ్ళకి ముందే చెప్పు, ఫీజు కట్టేస్తే పని అయిపోదు. తల్లిదండ్రులకి కూడా వంతులుంటాయి. క్లబ్ ఖర్చుల కోసం పిల్లలు ఇంటింటికీ తిరిగి టాయిలెట్ పేపర్ కట్టలు, బిస్కెట్ డబ్బాలు అమ్ముతారు. పోటీ రోజున ఒకరు కియోస్క్‌లో కాఫీ, దాల్చిన చెక్క బన్నులు అమ్మాలి, ఒకరు టేపు పట్టుకోవాలి. నాకు ఎక్కువగా ఇసుక గుంట దగ్గర పని పడుతుంది. పిల్ల దూకగానే పలక చివర మైనం మీద కాలి గుర్తు పడిందేమో చూస్తారు. పడితే ఎర్ర జెండా. లేకపోతే ఇసుకలో పలకకి దగ్గరగా పడ్డ గుర్తు దగ్గర పుల్ల గుచ్చి టేపు లాగుతారు. అంకె చెప్పాక నేను రేక్‌తో ఇసుక సమం చేయాలి. తర్వాతి పిల్ల అప్పటికే రన్‌వే చివర నిలబడి చెయ్యెత్తి ఉంటుంది, ఆలస్యం చేస్తే కోచ్ కేక వేస్తుంది.

మీ అక్క నంబర్ నాకు ప్రైవేట్ మెసేజ్‌లో పంపు. మే నెలలో చిన్నపిల్లల పోటీలు మొదలవుతాయి, వస్తే ఒకసారి తీసుకెళ్తాను.